పులుపు లేని గోగు

నాకు చిన్నప్పటి నుంచీ ఒక పాడలవాటు ఉంది. ఏ ఆకు కనిపించినా తుంచి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూడకుండా ఉండలేను. కరివేపాకు, తులసి లాంటివైతే ఎవరూ ఏమీ అనరు. నేను పక్కింటి కనకాంబరాల ఆకులూ, స్టేషన్ రోడ్డు పక్కన పిచ్చిమొక్కలూ, పెళ్ళిపందిట్లో కట్టిన మామిడాకులూ దేన్నీ వదిలేదాన్ని కాదు. "దీన్ని మేకలమందలో వెయ్యబోయి మనింట్లో వేశాడు దేవుడు" అనేది అమ్మ. ఇంటర్లో బైపీసీ తీసుకుంటానంటే అందుకే ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేనేదో డాక్టర్నైపోదామని తీసుకోలేదు. ఆకులు నలిపినందుకు కూడా మార్కులు వేస్తారని తెలిసి తీసుకున్నాను.

ఇది ఎనభైల చివర్లో మాట. తెనాలిలో మాది పాత పెంకుటిల్లు. ఇల్లు ఇరుకు, దొడ్డి మాత్రం విశాలం. నాన్న చీరాలలో ఒక బట్టల కొట్లో గుమాస్తాగా ఉండి ఆదివారాలు ఇంటికొచ్చేవాడు, అది కూడా సీజన్ కాకపోతేనే. మిగతా రోజుల్లో ఇంట్లో అమ్మ, నేను, నాయనమ్మ, బాబాయి. తాతయ్య అంతకు ముందటేడు పోయాడు. ఆయన కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. మాటలు తక్కువ. మాట్లాడితే నీళ్ళ గురించి, లేకపోతే నా చదువు గురించి.

ఆ ఏడు ఇంట్లో అందరి ఆలోచనా బాబాయి ఉద్యోగం చుట్టూనే తిరిగేది. డిగ్రీ అయిన దగ్గర్నుంచి ఆయన రాయని పరీక్ష లేదు. బ్యాంకులకి రాశాడు, కరెంటాఫీసుకి రాశాడు, ఎల్‌ఐసీకి రాశాడు. రాసి రాసి జుట్టు పల్చబడింది. వీధి పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్పుకుంటూ, పెళ్ళిచూపుల ఊసెత్తితే బయటికెళ్ళిపోతూ ఉండేవాడు. చివరికి రైల్వేలో గుమాస్తా ఉద్యోగానికి ఎంపికయ్యాడు. మెడికల్ కూడా అయింది. ఇక మిగిలింది పోలీస్ వెరిఫికేషన్ ఒక్కటే. స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఇంటికొచ్చి, మనిషి మంచివాడేనా, ఇంటి తీరేంటి అని చూసి రాసుకుపోతే ఆర్డరు వచ్చేస్తుంది. ఏదైనా తేడా వచ్చి ఇది పోతే ఇంకోటి రాయడానికి లేదు, ఏజ్ బార్. ఆ ముక్క బాబాయి రోజుకోసారి అనేవాడు, అన్నం తింటూ కూడా.

అన్నమంటే గుర్తొచ్చింది. ఉద్యోగం ఖాయమని తెలిసిన దగ్గర్నుంచి ఆయన స్పూనుతో అన్నం తినడం మొదలుపెట్టాడు. రైల్వే క్యాంటీన్లో ఆఫీసర్ల ముందు చేత్తో కలుపుకుని తింటే బాగోదట, ఇప్పట్నించే అలవాటు కావాలట. పప్పన్నం సగం కంచంలో, సగం లుంగీ మీద. నాయనమ్మకి అది చూస్తే ఒళ్ళు మండేది. "చేతులు ఎవరికన్నా అద్దెకిచ్చావంట్రా" అనేది. ఆవిడ లెక్కలో అన్నానికి ముందు చెయ్యి కడగాలి, ఆ చెయ్యే అన్నంలో పెట్టాలి, తిన్నాక మళ్ళీ కడగాలి. కడక్కుండా పీట మీద కూచున్న వాణ్ణి, వాడు చుట్టమైనా సరే, లేపేసేది.

ఇక మా దొడ్డి సంగతి. నూతి పక్కన గోంగూర మడి ఉండేది. మా వైపు గోంగూర లేని దొడ్డి ఉంటుందా? తొలకరికి గింజలు చల్లేది నాయనమ్మే. పచ్చడికనీ పప్పులోకనీ చివుళ్ళు కోస్తుంటే మడి మోకాలెత్తులోనే ఉంటుంది. విత్తనానికని మాత్రం నాలుగైదు మొక్కలు కొయ్యకుండా వదిలేస్తారు. అవి మనిషిని దాటి పెరిగి, ముళ్ళు పట్టి, కార్తీకం నాటికి లేత పసుపు పూలు పూస్తాయి. పువ్వు నడిమధ్య ముదురెరుపు ఉంటుంది. ఎండిపోయాక కాడల్ని నానబెడితే నార వస్తుంది. మా నూతి చేదకి తాళ్ళు కొన్నాళ్ళు ఆ నారతోనే పేనుకున్నాం.

ఆ ఏడు అలా వదిలిన మొక్కల్లో ఒకటి మిగతా వాటికన్నా జానెడు ఎక్కువ పెరిగి గోడ మీంచి వీధిలోకి చూస్తోంది. ఆకు గోగాకులాగే చీలి ఉంది, అంచులు రంపంలాగే ఉన్నాయి. కాకపోతే చీలికలు ఇంకొంచెం సన్నం. దాన్ని చూసిన ప్రతివాళ్ళూ గోగే అనుకున్నారు. గుంటూరు జిల్లాలో పుట్టినవాళ్ళకి గోంగూర గుర్తుపట్టడం ఒకరు నేర్పాలా అని మా ధీమా. మా అమ్మ అయితే ఒకసారి కూరకని దాని చివుళ్ళు కూడా కలిపి కోసేసింది. నాయనమ్మ చూసి చేటలోంచి ఆ ఆకులన్నీ ఏరి, తీసుకెళ్ళి చెట్టు మొదట్లోనే పారేసింది.

"అది విత్తనానికి వదిలింది. దాని జోలికి పోమాక" అంది.

"అన్నీ విత్తనానికేనా అత్తయ్యా" అంది అమ్మ.

"ఇది మాత్రం ముట్టుకోమాక."

అవతలింట్లో దర్జీ గారి భార్య మాంసంలోకని గోంగూర అడిగేది. ఎప్పుడడిగినా నాయనమ్మ ఒడినిండా కోసిచ్చేది. ఆ రోజు ఆమె గోడ మీదకి వంగిన ఆ పొడుగు మొక్క కొమ్మని పట్టుకుని "ఇది కోసుకోనా పిన్నీ, లేతగా ఉంది" అంటే, నాయనమ్మ పరుగులాంటి నడకతో వచ్చి కొమ్మని ఆమె చేతిలోంచి విడిపించింది. "అది పుల్లగా ఉండదమ్మా, మడిలోది కోసిస్తా" అంది. పుల్లగా ఉండని గోంగూర ఏంటో నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోతే నేనూరుకునే రకం కాదు.

ఆవిడ స్నానానికెళ్ళగానే ఒకాకు తుంచి నమిలాను. నిజంగానే పులుపు లేదు. నాలిక మీద జిగురుగా, చేదుగా ఏదో ఉంది. ఇంకో ఆకు నలిపి వాసన చూశాను. బంతాకుకి దగ్గరగా ఉంది. ఇంకొంచెం మడ్డిగా, వానకి తడిసిన గోనెసంచిలాగా ఉంది. అంతవరకూ బాగానే ఉంది కానీ, నన్ను పట్టి కుదిపేసింది ఏంటంటే, ఆ వాసన నాకు తెలుసు. ఎక్కడిదో తెలియదు, ఎప్పటిదో తెలియదు, కానీ బాగా తెలుసు. కొత్త వాసనైతే అప్పుడే మర్చిపోయేదాన్ని. తెలిసిన వాసన పేరు గుర్తురాకపోతే మాత్రం నాకు పిచ్చెక్కుతుంది. రెండ్రోజులు అదే పని. అమ్మ పెట్టె తెరిచి వాసన చూశాను. గొడుగులు, పాత పుస్తకాలు, మంచం కింద ఉల్లిపాయల బుట్ట, అన్నీ చూశాను. "ఏంటే, కుక్కలాగా తిరుగుతున్నావు" అంది అమ్మ.

కాలేజీలో బోటనీకి హెర్బేరియం పెట్టాలి. అంటే మొక్కల కొమ్మల్ని న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, పరుపు కింద నొక్కి, ఆరాక అట్టల మీద అంటించి పేరు రాయాలి. ఆ పొడుగు మొక్క కొమ్మ ఒకటి పూతతో సహా నొక్కి మా లెక్చరర్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పేపరు విప్పి చూసి, వెంటనే మూసి, అటూ ఇటూ చూశారు.

"ఇదెక్కడిదమ్మా?"

"మా దొడ్లోదండి. గోగులో కొత్త రకం అనుకుంటానండి" అన్నాను, ఎంత గర్వంగానో.

"మీ నాన్నగారేం చేస్తారు?"

"చీరాల్లో బట్టల షాపండి."

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

ఆకుల గురించి అడిగితే ఇంట్లోవాళ్ళ లెక్క తీస్తారేంటి ఈయన అనుకుంటూ చెప్పాను. అంతా విని ఆయన గొంతు తగ్గించి, "ఇది గోగు కాదమ్మా, గంజాయి" అన్నారు. "రికార్డులో అంటించకు. పెద్దవాళ్ళకి చెప్పి మొక్కని పీకించెయ్యి. ఇప్పుడు చట్టం మునుపటిలా లేదు, ఇంట్లో ఒక్క మొక్కున్నా కేసే."

నాకు మొదట గుర్తొచ్చింది బాబాయి మొహం, ఆయన ఏజ్ బార్. కానీ నా బుద్ధి ఊరుకుంటుందా? "సార్, మరి దీనికి గోగు పువ్వు లేదండి. ఇవి పువ్వులా, మొగ్గలా?" అని అడిగేశాను. ఆయన కూడా పాపం నాలాంటివాడే. కేసు సంగతి మర్చిపోయి మళ్ళీ పేపరు విప్పారు. తాటిలో పోతుతాడు, పెంటితాడు అని మగా ఆడా వేరువేరుగా ఉంటాయి కదా, ఇందులోనూ అంతేనని, ఇది పోతు మొక్కని, గింజ కట్టదని, కుచ్చుల్లా వేలాడే ఆ పూతలోంచి పసుపుపచ్చ పుప్పొడి రాలుతుందని వివరంగా చెప్పారు. మత్తు కోసం దాచుకునేది పెంటి మొక్కని, పోతుని ఎవరూ ఉంచుకోరని కూడా చెప్పి, అంత చెప్పినందుకు తనే కంగారుపడి నన్ను పంపించేశారు.

ఇంటికొస్తూ దారంతా ఒకటే ప్రశ్న. వేసిందెవరు? బాబాయి టీ కూడా పల్చగా తాగే మనిషి. నాన్నకి వక్కపొడి తప్ప ఇంకో అలవాటు లేదు. పోనీ ఎవరో గిట్టనివాళ్ళు గోడ మీంచి గింజ విసిరారా అంటే, మాకు గిట్టనివాళ్ళంటూ ఉంటే మా చుట్టాలే, వాళ్ళకి అంత ఓపిక లేదు. పైగా ఎవరికీ పనికిరాని పోతు మొక్కని ఎవరైనా ఎందుకు పెంచుతారు? నాయనమ్మని అనుమానించడానికి నాకు మనసొప్పలేదు. ఆవిడ దాన్ని గోగనుకుంటోందిలే అని సర్దిచెప్పుకున్నాను. బాబాయికి చెప్పాలి, కానీ ఎలా చెప్పాలో తెలియలేదు. చెబితే అక్కడికక్కడే పడిపోతాడేమోనని భయం వేసింది.

ఆ ఆదివారం బాబాయి బాపట్ల వెళ్తూ నన్ను తోడు రమ్మన్నాడు. ఉద్యోగం కాగితాల్లో, ఈ మనిషి నాకు తెలుసు, మంచివాడు అని పరువున్న పెద్దమనిషి ఒకరు సంతకం పెట్టాలి. తాతయ్య స్నేహితుడొకాయన బాపట్లలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. తాతయ్య బతికున్నన్నాళ్ళూ నెలకోసారి, పౌర్ణమి నాడు, భజనకని సంచీ తగిలించుకుని ప్యాసింజర్లో ఆయన దగ్గరికి వెళ్ళొచ్చేవాడు. మేమూ ప్యాసింజరే ఎక్కాం. ప్రతి స్టేషన్లోనూ బాబాయి దిగి, స్టేషన్ మాస్టర్ గదిని బయట నుంచి చూసి, మళ్ళీ ఎక్కాడు. ఆయన మొహంలో అంత ఆశ నేనెప్పుడూ చూడలేదు. చెబుదామని నోరు తెరిచిన ప్రతిసారీ ఆ మొహం చూసి మూసుకున్నాను.

మాస్టారి ఇల్లు సూర్యలంక వెళ్ళే దారిలో, తాడిచెట్ల మధ్య ఉంది. ఆయన భార్య పోయి చాలా కాలమైంది, ఒక్కరే ఉంటున్నారు. మాస్టారు సంతకం పెట్టి, కాగితం జిరాక్సు ఒకటి కావాలంటే బాబాయి సెంటర్లోకి వెళ్ళాడు. నేను గదిలో కూచున్నాను. కుర్చీ వీపు మీద మాస్టారి కండువా వేలాడుతోంది. ఫ్యాను గాలికి అది కదిలింది.

అదే వాసన. ఈసారి పేరు కూడా దాంతోపాటే వచ్చింది. తాతయ్య. నేను ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నప్పుడు వానాకాలం బురదలో నడవనంటే భుజమ్మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేవాడు. ఆయన మెడ దగ్గర, చొక్కా కాలరు దగ్గర ఉండేది ఈ వాసన. అది కాలవ నీళ్ళ వాసననీ, మనిషి వాసననీ అనుకున్నాను. ఇన్నాళ్ళూ పెట్టెల్లోనూ గొడుగుల్లోనూ వెతికానే తప్ప, పోయిన మనిషి వాసన అని నాకు తట్టనే లేదు. ఏడుపొచ్చేసింది.

"ఏంటి తల్లీ?" అన్నారు మాస్టారు.

"మీ కండువా మా తాతయ్య వాసనొస్తోందండి."

ఆయన లేచి, కండువా తీసి మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. "పెద్దదానివయ్యావు కాబట్టి చెబుతున్నా. నువ్వు మాత్రం ఎప్పుడూ దాని దరికి పోకూడదు" అని మొదలుపెట్టారు. లాకుల దగ్గర రాత్రింబగళ్ళు తడుస్తూ పనిచేసే రోజుల్లో తాతయ్యకి ఆ అలవాటైందట. రిటైరయ్యాక మానేసి, నెలకొక్కరోజు మాత్రం ఇక్కడికొచ్చేవాడట. ఇద్దరూ అరుగు మీద కూచుని, ఒక చిలుము, చెరో రెండు పీల్పులు. భజన నిజమే కానీ, అది దీని తర్వాతే.

"నాయనమ్మకి తెలియదాండి?"

"తెలియకపోవడమేంటమ్మా. రేకు డబ్బా సర్ది సంచీలో పెట్టేది మీ నాయనమ్మే. గింజలుంటే తలనొప్పి వస్తుందని, బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కొక్కటీ ఏరి తీసేసేది. తిట్టుకుంటూనే ఏరేదట. మీ తాతయ్య చెప్పి నవ్వేవాడు."

తిరుగు రైల్లో బాబాయికి చెప్పేశాను. మాస్టారి మాటలు కాదు, మొక్క గురించి మాత్రమే. గోగు కాదు బాబాయ్, గంజాయి అన్నాను. ఆయన కాగితాల ఫైలుని గుండెలకి అదుముకుని, "గట్టిగా అనమాక" అన్నాడు. తర్వాత తెనాలి వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు. ఒక్క స్టేషన్లోనూ దిగలేదు.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా చూర్లో కొడవలి తీసుకుని దొడ్లోకి నడిచాడు. సాయంత్రం ఎండ ఇంకా ఉంది. నాయనమ్మ గోంగూర మడి దగ్గర పీట వేసుకుని కూచుని ఉంది. అప్పుడు గమనించాను, ఆవిడ పీట ఎప్పుడూ ఆ పొడుగు మొక్క కిందే ఉంటుంది.

"కొడవలి లోపల పెట్టు" అంది, తలెత్తకుండానే.

"అమ్మా, అదేంటో తెలుసా నీకు?"

"నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసు. రేపల్లెలో మా నాయన ఎద్దులకి పొట్టుబ్బితే పెట్టడానికి దొడ్లో పెంచేవాడు. ఎవడూ అడిగేవాడు కాదు."

"ఇప్పుడడుగుతారు. ఇవాళో రేపో పోలీసు ఇంటికొస్తాడు. నా ఉద్యోగం నీకు తెలియదా? ఇది పోతే నేనింక దేనికీ పనికిరాను. పనికిరాని మొక్క కోసం నా గొంతు కోస్తావా?" బాబాయి ఆవిడతో అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

నాయనమ్మ అప్పుడు తలెత్తింది. "నేనేం నాటలేదురా. ఆయన పోయాక డబ్బా ఇక్కడ దులిపాను. ఏరగా మిగిలిన గింజేదో పడి వానలకి మొలిచింది. పిచ్చిమొక్కని పీకేద్దామనే కూచున్నా. రెండాకులున్నప్పుడే తుంచి నలిపి చూశాను. ఇంక పీకబుద్ధి కాలేదు."

తుంచి నలిపి చూశాను అన్న మాట దగ్గర నేనాగిపోయాను. నా పాడలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పటిదాకా నాకు తెలియదు.

"పదకొండో రోజునే ఆయన బట్టలన్నీ ఇచ్చేశారు" అంది నాయనమ్మ. "మంచం చాకలికిచ్చారు, పరుపు కాల్చారు. దుప్పటి ఒకటి దాచుకుంటానంటే ఉంచుకోకూడదన్నారు. ఆచారం, నేనూ కాదన్లా. ఇంట్లో ఆయన వాసనన్నది లేకుండా తుడిచేశారు కదరా. దీని కింద కూచుంటే కాస్త గాలేసినప్పుడు..." అని ఆపేసింది. కళ్ళు తుడుచుకోలేదు, ఎందుకంటే ఏడవలేదు. మా నాయనమ్మ మా ముందు ఏడ్చే మనిషి కాదు.

గుమ్మంలో నిలబడ్డ అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. బాబాయి కొడవలితో అలాగే నూతిచప్టా మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి, కొడవలి తీసుకెళ్ళి చూర్లో దోపాడు. "ఉంచుకోలే అమ్మా. చూసినోడు చూస్తాడు. కాకపోతే ట్యూషన్లు చెప్పుకుంటాను" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. నాకు మాత్రం ఇద్దరి మీదా జాలేసింది, ఎవరి పక్షాన ఉండాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి నూతి గిలక చప్పుడవుతోంది. నాయనమ్మ చేద మీద చేద తోడి మొక్క మొదట్లో పోస్తోంది. మాది నల్లరేగడి, ఎండితే రాయి, తడిస్తే వెన్న. నేల బాగా నానాక చీర కుచ్చెళ్ళు దోపుకుని, రెండు చేతులతో మొదలు పట్టుకుంది. బాబాయి సాయం పట్టబోతే, "చెయ్యి పెట్టమాక" అంది. ఊపింది, లాగింది, మళ్ళీ ఊపింది. తల్లివేరుతో సహా వచ్చేసింది. పసుపుపచ్చ పుప్పొడి ఆవిడ జుట్టు మీదా భుజాల మీదా రాలింది.

దాన్నేం చెయ్యాలన్నది పెద్ద చర్చ అయింది. పొయ్యిలో పెడదామంది అమ్మ. "పెట్టు వదినా, వీధి వీధంతా మన పొయ్యి దగ్గరే కూచుంటుంది" అన్నాడు బాబాయి. కాలవలో పడేద్దామంటే రేవులో ఎప్పుడూ జనమే. పాలవాడి గేదెకి పెడదామని నేనంటే, ఆ పాలు తాగేది మనమే కదే అంది అమ్మ. ఆఖరికి బాబాయి ఎరువుగుంట తవ్వి, అడుగున పరిచి, పైన పేడ కప్పాడు.

కానిస్టేబుల్ ఆ రోజే వచ్చాడు, ఇంకా మధ్యాహ్నం కాలేదు. పెద్ద వయసువాడు, సైకిలు మీద వచ్చాడు. వాకిట్లో కుర్చీలో కూచుని, బాబాయిని అడగాల్సినవి అడిగాడు. పక్కింటి దర్జీ గారిని పిలిచి ఆయన్నీ అడిగాడు. అంతా అయ్యాక కాళ్ళు కడుక్కుంటానంటూ దొడ్లోకి వచ్చాడు. బాబాయి కూడా వెనకాలే వచ్చాడు.

"గోంగూర బాగుందండి" అన్నాడాయన. అంతలో మడి చివర తడిగా ఉన్న గుంట చూశాడు. "ఇదేంటండి, ఇప్పుడే పీకినట్టున్నారు?"

"పొడుగుపోయింది బాబూ. పుల్లగా లేదు, పీకేశాం" అంది నాయనమ్మ.

"పుల్లగా లేకపోతే ఇంకెందుకులెండి" అని ఆయన మడిలోంచి ఒకాకు తుంచి నోట్లో వేసుకున్నాడు. కన్ను చికిలించాడు. "ఇది మాత్రం పుల్లగా ఉందండోయ్. మా కోడలికి నెలలు, పులుపు పులుపు అంటోంది. ఒక కట్ట ఇప్పిస్తారా పిన్నిగారూ?"

ఎవరడిగినా నాయనమ్మ తనే వంగి కోసిచ్చేది. ఆ రోజు మాత్రం చేతులు రెండూ చీర కొంగులో చుట్టుకుని నిలబడి, "నువ్వు కోసిపెట్టవే" అంది నాతో. కోసిచ్చాను. ఆయన కట్టని సైకిలు హ్యాండిలుకి వేలాడదీసుకుని వెళ్ళిపోయాడు.

బాబాయికి ఉద్యోగం వచ్చింది. తిరిగి తిరిగి తొంభైల్లో రేపల్లె స్టేషన్లోనే పడ్డాడు, నాయనమ్మని పుట్టినూరికి తీసుకెళ్ళిపోయాడు. క్వార్టర్ వెనక ఆవిడ మళ్ళీ గోంగూర వేసింది. నేను బోటనీ చదివి, ఒక కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. పోతు, పెంటి మొక్కల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకి తాటిచెట్టే చెబుతాను. రెండో ఉదాహరణ పుస్తకంలో ఉంది, వాళ్ళే చదువుకుంటారు.

కానీ నాకు ఆ రోజంటే గుర్తొచ్చేది ఉద్యోగం కాదు, మధ్యాహ్నం భోజనం. కానిస్టేబుల్ వెళ్ళాక అందరం పీటల మీద కూచున్నాం. అమ్మ వడ్డించింది. వేడన్నం, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ. బాబాయి ప్రాణం కుదుటపడి గబగబా తింటున్నాడు. నాయనమ్మ కంచం ముందు కూచుందే గానీ చెయ్యి బయటికి తియ్యలేదు. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, "చెయ్యి కడుక్కోండి అత్తయ్యా" అంది. నాయనమ్మ తల అడ్డంగా ఊపింది. పొద్దున మొక్క పీకిన చేతులు ఇంకా కొంగులోనే ఉన్నాయి. చెంబు పట్టుకుని అమ్మ అలాగే నిలబడింది.

బాబాయి తినడం ఆపాడు. లేచి, నూతి దగ్గరికెళ్ళి తన స్పూను శుభ్రంగా కడిగి, తెచ్చి నాయనమ్మ కంచంలో పెట్టాడు. ఆవిడ దానివంక కాసేపు చూసి, కొంగులోంచి కుడిచెయ్యి తీసి, కొసవేళ్ళతో పట్టుకుంది. అన్నం సగం కంచంలో, సగం చీర మీద పడుతుంటే, ఒక్కో ముద్దా ఎత్తుకుంటూ మొత్తం తింది.